తవుడుకు కొన్న యువరాణి

తామ్రగిరి కోట పడమటి ద్వారం దగ్గరికి వచ్చేసరికి ఎలుగుబంటి మొరాయించింది. దాన్ని ఆడించుకు బతికే ఒంటికన్ను బిచ్చగాడు బతిమాలాడు, తిట్టాడు, చివరికి నడుముకున్న మూట విప్పి గుప్పెడు ఇప్పపూలు దాని నోట్లో కుక్కాడు. అది పూలు నమిలి మింగిందే తప్ప అడుగు కదపలేదు. ద్వారపాలకులు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. లోపలికి వెళ్ళినవాళ్ళలో ఎందరు బయటికి వస్తున్నారో మనుషులకు తెలియకపోయినా జంతువుకు తెలిసిపోయిందని ఒకడన్నాడు. ఆ మాట నిజమే కాబట్టి మిగతావాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు.

మందుకోసం వచ్చానని బిచ్చగాడు చెప్పుకున్నాడు. మందుకైతే పోవచ్చు, జంతువు మాత్రం బయటే ఉండాలన్నారు. అతను ఎలుగును వంతెన పక్కన కొయ్యకు కట్టేశాడు. దాని పేరు గుమ్మడి. కూనగా ఉన్నప్పటినుంచి సాకిన జంతువు. చెవి వెనక కాసేపు గోకి, వెనక్కి చూడకుండా లోపలికి నడిచాడు.

ఆ మూసిన కన్ను తుమ్మబంకతో అంటించుకున్నది. ఒంటిమీది మసి దారిలో పూసుకున్నది. మనిషి పేరు మైలారుడు, పసరువారి బిడ్డ. పసరువారంటే నల్లకొండల్లో ఆకూ వేరూ ఏరి, పసరు పిండి, రోగాలు మాన్పి బతికే జనం. ఆ కొండల్లోనే ఒక గుహలో తామ్రగిరి యువరాణి హేమలేఖ చావుబతుకుల్లో ఉంది.

ఆమె తండ్రిని సేనాపతి కుంభవర్మ వేటకని తీసుకువెళ్ళి, మండుటెండలో దారి తప్పించి, దాహమని చెయ్యి చాపితే నీళ్ళతిత్తి అతని కళ్ళముందే ఇసకలో ఒంపేశాడు. కత్తి దూయలేదు, బాణం వెయ్యలేదు. రాజుగారికి ఎండదెబ్బ తగిలిందని తిరిగొచ్చి ఏడ్చాడు కూడా. ఆ రాత్రే దాది యువరాణిని కొండల్లోకి చేర్చింది. ఇన్నాళ్ళకు కుంభవర్మ కొలువులోని మాంత్రికుడు కాకోలుడు, ఆమె చిన్నప్పటి పట్టు పరికిణీ ఒకటి సంపాదించి, పసుపు నీళ్ళలో వేసి, మంత్రం చదువుతూ ఉడకబెట్టాడు. గుహలో పిల్ల పసుపుపచ్చగా మారిపోయింది. కళ్ళు, గోళ్ళు, అరిచేతులు, చివరికి కన్నీళ్ళు కూడా పచ్చనే.

పచ్చకామెర్లకు మందు నేల ఉసిరి. జానెడు మొక్క. చింతాకులాంటి రెమ్మ, రెమ్మ అడుగున వరసగా ఆవగింజలంత కాయలు. నోట్లో పెడితే చేదు, పొద్దుగుంకితే ఆకు ముడుచుకుంటుంది. వాన పడితే చాలు, అంట్లు తోమే చోట, గోడ వారన, పేడకుప్ప పక్కన ఎవరూ పిలవకుండానే మొలుస్తుంది. అలాంటి మొక్కను కుంభవర్మ దేశమంతటా వేళ్ళతో పీకించి తగలబెట్టించాడు. దొడ్లో ఒక్కటి కనిపించినా ఇంటి యజమానికి చేతులుండేవి కావు. గోటితో పోయేదానికి గొడ్డలెత్తడమంటే అతనికి మహా సరదా.

ఒక్క మడి మాత్రం తన ఉద్యానవనంలో మిగిల్చాడు. కామెర్లు వచ్చినవాళ్ళ తరఫున ఎవరైనా వచ్చి కోసుకోవచ్చని చాటించాడు. అయితే పసరువారి ఆచారం తప్పకూడదన్నాడు. ఆచారమేమిటంటే, ముందురోజు సాయంత్రం మొక్క మొదట్లో పసుపునీళ్ళు చల్లి, రోగి పేరు, రోగి తల్లి పేరు చెప్పి, ప్రాణం అడగాలి. తెల్లవారాక ఇనుము తగలకుండా, తన నీడ మీద పడకుండా చేత్తో పెరకాలి. పేరు చెప్పకుండా పెరికితే అది గడ్డి. ఒకరి పేరున పెరికి ఇంకొకరికి పోస్తే అది విషం. పసరువాడు పస్తులుంటాడు గాని ఈ మాట తప్పడు. ఆ సంగతి తెలిసే కాకోలుడు ఆ మడికి మంత్రం వేశాడు. పలికిన పేరు నిజమైతే ఆకు వెంటనే ముడుచుకుంటుంది. అబద్ధమైతే చీకటి పడినా విప్పుకునే ఉంటుంది.

హేమలేఖ పేరు చెబితే చావు. చెప్పకపోతే మందు లేదు. ఈ చిక్కు విప్పింది మైలారుడి నాయనమ్మ నాంచారవ్వ. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్ళలో పురిటికందును పెంటకుప్ప మీద పడేసి, ఇంకొకరిచేత చేటెడు తవుడుకు కొనిపించడం అందరూ చేసేదే. ఆ క్షణం నుంచి బిడ్డ కొన్నవాళ్ళ బిడ్డ, పేరు పెంటమ్మ. చావు పాత పేరుకోసం వెతుక్కుంటూ వచ్చి, దొరక్క వెళ్ళిపోతుంది. కందుకు చెల్లింది పెద్దపిల్లకు మాత్రం ఎందుకు చెల్లదంది నాంచారవ్వ.

చెల్లాలంటే పారేసేవాళ్ళు కావాలి. కన్నవాళ్ళు లేరు కాబట్టి ఆ మాట పిల్లే అనాలి. పట్టుపరుపుల మీద పెరిగిన పిల్లను ఆకుల పెంట మీద, కుళ్ళిన తొక్కల మధ్య పడుకోబెట్టారు. ఈగలు ముసిరాయి. ఆమె పచ్చటి కళ్ళు మూసుకుని, పళ్ళబిగువున, "నేను ఎవరికీ ఏమీ కాను. పెంటలో పుట్టినదాన్ని" అంది. నాంచారవ్వ చేటెడు తవుడు కుప్పమీద పోసి, పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. ఆ లెక్కన యువరాణి ఉన్నపళాన మైలారుడికి మేనత్త అయి కూర్చుంది. అతను నవ్వుదామనుకున్నాడు, నవ్వు రాలేదు.

నాంచారవ్వ పిల్ల చెవిలో ఇంకో మాట కూడా చెప్పింది. "మందు దిగి నీ కళ్ళు తెల్లబడేదాకా, పెంటమ్మా అని ఎవరు పిలిచినా పలకాలి బిడ్డా. ఒక్కసారి పలక్కపోయావో, బేరం చెడుతుంది. మందే నిన్ను మింగుతుంది." పిల్ల తలూపింది. ఆ మధ్యాహ్నమే మైలారుడు కొండ దిగాడు.

కుంభవర్మ ఉద్యానవనం చూస్తే దేవేంద్రుడికి కూడా కన్ను కుడుతుంది. పాలరాతి కాలువల్లో పన్నీరు పారుతుంది. పొగడలు, పొన్నలు, సంపెంగలు, సురపొన్నలు గాలికి పూలవాన కురిపిస్తుంటే, పచ్చలు తాపిన అరుగుల మీద నెమళ్ళు పురి విప్పి ఆడతాయి. పగడాల పందిళ్ళకు మల్లె తీగలు, మల్లె తీగలకు వెండి గంటలు. ఇన్నిటి మధ్య, బంగారు కంచె కట్టిన మడిలో, పేడకుప్ప పక్కన మొలవాల్సిన జానెడు మొక్కలు మహారాణుల్లా కొలువుతీరి ఉన్నాయి. అన్నిటికీ పైన, ఆకాశాన్ని పొడుస్తున్నట్టున్న స్ఫటికపు గోపురంలో వంశదీపం వెలుగుతోంది. దానికి నూనె లేదు, వత్తి లేదు. తామ్రగిరి రాజవంశంలో ఒక్కరు మిగిలున్నా అది వెలుగుతుంది. అది వెలుగుతుండగా పరాయివాడు సింహాసనం ఎక్కితే అక్కడికక్కడే మాడి మసైపోతాడు. అందుకే కుంభవర్మ ఇన్నాళ్ళూ సింహాసనం పక్కన పీట వేసుకుని రాజ్యం చేస్తున్నాడు.

ఆ సాయంత్రం కూడా పీట వేయించుకుని మడి ముందే కూర్చున్నాడు. పక్కన కాకోలుడు, బక్కచిక్కిన మనిషి, కనుబొమలు లేవు. మైలారుడికంటే ముందు వరసలో ఒక కుమ్మరామె ఉంది. మట్టి ఆరిన చేతులు, నీళ్ళు నిండిన కళ్ళు. ఎవరికి మందని కాకోలుడు అడిగాడు. రాగన్న నాయనకని ఆమె మెల్లగా చెప్పింది. పేరు చెప్పమన్నాడు. ఆమె తల వంచుకుంది. పెనిమిటి పేరు నోటితో పలికితే ఆయనకు ఆయువు క్షీణమని పుట్టిననాటినుంచి విన్న మనిషి, నలుగురి ముందు ఎలా పలుకుతుంది? రెట్టించి అడిగేసరికి భయంతో కొడుకు పేరు చెప్పేసింది, రాగన్న అని.

ఆకు విప్పుకునే ఉంది.

భటులు రెక్కలు పట్టుకున్నారు. అప్పుడామె సిగ్గూ ఆచారమూ వదిలేసి, ఓబన్న, మా ఆయన పేరు ఓబన్న అని గొంతు చిరిగేలా అరిచింది. మడిలో ఒక మొక్క ఆకులన్నీ చప్పున ముడుచుకున్నాయి. అందరూ చూశారు. కుంభవర్మ కూడా చూశాడు, చూసి మీసం దువ్వుకున్నాడు.

"మొదటి మాటే మాట," అన్నాడు. "సరైన పేరు పలకలేని నాలుక ఆవిడకెందుకు? అది తీసేసి, తెల్లారాక మొక్క ఇచ్చి పంపండి. కుంభవర్మ అన్యాయం చేశాడన్న మాట రాకూడదు."

వాళ్ళు అక్కడే, సంపెంగ చెట్టు కింద, ఆ పని చేశారు. మైలారుడు ఎదురుగా నిలబడి చూశాడు. దొంగకన్ను మూసి ఉంది, రెండో కన్ను మూసుకోవడానికి వీల్లేదు. చేతికర్రలో దాచిన కత్తి ఉంది. ముగ్గురిని నరకగలడు, నలుగురిని నరకగలడు. ఆ తర్వాత గుహలో పిల్ల చచ్చిపోతుంది. అతను పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాడు. ఆ నిలబడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తన వంతు వచ్చింది. మడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పసుపునీళ్ళు చల్లి, పేరు చెప్పాడు. "నేల తల్లీ, ఉసిరి తల్లీ, నాంచారవ్వ కూతురు పెంటమ్మకు జబ్బు చేసింది. నీ ప్రాణంలో పిసరు ఇయ్యి. పొద్దున వచ్చి తీసుకుపోతాను, కోపం పెట్టుకోకు."

గాలి ఆగింది. నెమలి కూడా ఆట ఆపింది. అంచున ఉన్న చిన్న మొక్క ఒక్కొక్క రెమ్మే ముడుచుకుని, చేతులు జోడించినట్టు నిలబడింది. మైలారుడికి ఏడుపు వచ్చినంత పనైంది. కాకోలుడు వంగి ఆ మొక్కను చూసి, ఎంతకు కొన్నారని మాత్రం అడిగాడు. చేటెడు తవుడుకని మైలారుడు చెప్పాడు. మాంత్రికుడు తల పంకించి, ఇతన్ని మండపంలో పడుకోనిమ్మని భటులకు చెప్పాడు. ఇంత సులువుగా గండం గడిచిందేమిటని ఒక్క అనుమానం రావలసింది. రాలేదు. ఎర పక్కన గాలం ఉంటుందని చేపకు ఎవరు చెబుతారు?

తెల్లవారింది. మైలారుడు మడి వైపు నడుస్తుంటే, మండపం మెట్ల మీద పడి ఉన్న కుమ్మరామె లేచి వచ్చి అతని కాళ్ళు చుట్టేసింది. నోట్లో కుక్కిన గుడ్డ నెత్తురుతో గట్టిపడింది. వద్దు వద్దని తల ఊపింది. గోపురం వైపు వేలు చూపించింది, మడి వైపు చూపించింది, అరిచెయ్యి నోటిముందు పెట్టి ఉఫ్‌మని ఊదింది. మళ్ళీ అతని పంచె పట్టి వెనక్కి లాగింది. పాపం, నొప్పికి మతి చలించిందనుకున్నాడు మైలారుడు. మీ మొక్క కూడా నేనే పెరికి తెచ్చిస్తాను తల్లీ అని ఓదార్చి, ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకున్నాడు. ఆమె నేల మీద తల కొట్టుకుంది.

అతను నీడ పడకుండా తూర్పుకు తిరిగి, మెత్తగా మట్టి కదిపి, మొక్కను వేరుతో సహా పెరికాడు.

గోపురంలో వంశదీపం ఆరిపోయింది.

మరుక్షణం కోటంతా శంఖాలు మోగాయి. చెట్ల చాటునుంచి భటులు, భటుల వెనక కుంభవర్మ. ఈసారి అతని వెనక పీట మోసేవాడు లేడు. నవ్వుతూ వచ్చాడు. కాకోలుడు మాత్రం నవ్వలేదు.

"నన్నూ అలాగే కొన్నారు," అన్నాడు కాకోలుడు. "కుంచెడు తవుడుకు. పెద్దయ్యాక నా కన్నతండ్రి పొలంలో వాటా అడిగితే, పెంటలో పడేసిన రోజే నువ్వు మాకు చచ్చావన్నారు. ఆ ఆచారానికి ఎంత బలముందో మీ అవ్వకంటే నాకే బాగా తెలుసు."

అసలు సంగతి అప్పుడు బయటపడింది. దీపం వెలుగుతుండగా యువరాణిని చంపాలని కుంభవర్మ ఏనాడూ అనుకోలేదు. వంశంలో ఆఖరి ప్రాణి చస్తే ఆ దీపం ఆరదు, మంటై కోటను మింగుతుంది. దాన్ని చల్లగా ఆర్పాలంటే ఒక్కటే దారి, ఆ పిల్ల తన నోటితో తాను వంశాన్ని వదులుకోవాలి, ఆ కొత్త పేరున ఎవరైనా ఆమెకు ప్రాణం పుచ్చుకోవాలి. కామెర్లు అందుకే పంపారు. మొక్కలు అందుకే పీకించారు. ఒక్క మడి అందుకే మిగిల్చారు. పిల్లను ప్రేమించినవాళ్ళచేతనే పిల్లను పెంటలో పడేయించారు. రాత్రి మైలారుడు లోపల నిద్రలో ఉండగా ఈ ముచ్చటంతా మండపం మెట్ల మీదే చెప్పుకున్నారట. నాలుకలేని మనిషి వింటే ఏం, చెప్పలేదు కదా అని కుంభవర్మ కుమ్మరామెను కాలితో తోశాడు.

"ఇక అది నా రాజు కూతురు కాదు. పెంటమ్మ. పెంటమ్మను చంపితే దీపాలేవీ మండవు," అన్నాడు. అశ్వికులకు సైగ చేశాడు. గుహ ఎక్కడుందో వాళ్ళకు తెలియదు, తెలియనక్కర కూడా లేదు. కొండలన్నీ చుట్టి, డప్పు కొట్టి, ఆ పేరు పెట్టి పిలవమన్నాడు. పలకకపోతే పిల్లకు గతి లేదని కాకోలుడు అప్పటికే చెప్పి ఉన్నాడు.

మైలారుడు మొక్కను పళ్ళ మధ్య పట్టుకుని చేతికర్ర దులిపాడు. కర్ర జారి కత్తి మిగిలింది. మొదటివాడి మెడ, రెండోవాడి మోచెయ్యి, మూడోవాడి మోకాలు. అరుగు మీదికి దూకి, అరుగు మీదనుంచి పగడాల పందిరి మీదికి, పందిరి కూలేలోగా ప్రాకారం మీదికి ఎగబాకాడు. బాణం ఒకటి భుజంలో దిగింది. ద్వారం తెరుచుకుంది, అశ్వికులు డప్పులతో వంతెన మీదికి వచ్చారు. అతను గోడ మీదనుంచి గట్టిగా ఈల వేశాడు.

గుమ్మడి కొయ్యను పెకలించుకుని వంతెనకు అడ్డంగా లేచి నిలబడింది. మొదటి గుర్రం బెదిరి కందకంలో పడింది. రెండోది రౌతును పడేసి వెనక్కి పరుగెత్తింది. నిన్న ఆ జంతువును చూసి నవ్విన ద్వారపాలకుడి ముఖంలో నవ్వే చోటు మిగల్లేదు. ఈటెలు దిగుతున్నా అది కదల్లేదు. మొరాయించడం దానికి బాగా తెలుసు. చివరికి దాని ఒంటిమీదుగానే గుర్రాలను నడిపించుకుంటూ పోయారు. మైలారుడు అది చూసి, నోట్లో మొక్క ఉంది కాబట్టి ఏడవలేక, కందకంలోకి దూకేశాడు.

గుర్రంతో పడ్డ రౌతు కోసం కందకంలోని మొసళ్ళు అటు వెళ్ళాయి. ఇటు ఇతను ఈదాడు. నేల ఉసిరి చేదు నాలుకంతా పాకింది. ఒక్క ఆకు నలిగినా అది పిల్లకు తక్కువౌతుందని, ఊపిరి ముక్కుతోనే పీల్చుకున్నాడు. గట్టెక్కి, భుజంలో బాణం విరిచి పారేసి, గొర్రెలదారి పట్టాడు. గుర్రాలు బాట వెంట చుట్టు తిరిగి రావాలి, తాను నిట్టనిలువుగా ఎక్కితే ముందు చేరతాడు. ముళ్ళు చీరాయి, రాళ్ళు జారాయి, మోకాళ్ళ మీద పాకాడు. గుహకు అడ్డంగా పెంచిన ఈతపొదలు పైన కనిపించాయి. ఇంకొక్క మలుపు.

కింద లోయలో డప్పు ఆగింది. ఎవరో ముసలి సైనికుడు, ఇంట్లో కూతుళ్ళున్నవాడే అయ్యుంటాడు, గొంతులో తేనె పోసుకుని తల్లి పిలిచినట్టు పిలిచాడు.

"పెంటమ్మా... ఓ పెంటమ్మా..."

పలకొద్దని అరవాలి. పలకొద్దంటే బేరం చెడుతుంది, తెచ్చిన మందే ఆమెను చంపుతుంది. పలకమంటే గుర్రాలు చంపుతాయి. మైలారుడు మొక్కను పళ్ళ మధ్య పట్టుకుని, ఏ మాట అరవాలో తెలియక అక్కడే ఆగిపోయాడు.

పైన ఈతపొదల వెనకనుంచి, నీరసంగా, ఎంతో బుద్ధిగా జవాబు వచ్చింది.

"ఆఁ... ఇక్కడున్నా."